ఏ గుమ్మాన వచ్చావు నాయనా?

ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకున్న పెద్దాయన ఒకరు నాకు చాలా యేళ్ళుగా తెలుసు. చదువు అంతంతమాత్రం. జ్ఞాపకశక్తి మాత్రం అసాధారణం. ఆయన పద్ధతి కాస్త చిత్తగించండి. నెల్లూరు బస్సు దిగి ఒకాయన వచ్చి టీ తాగుతాడు. ఉదయగిరి బస్సు దిగి ఒకామె వచ్చి బిస్కెట్లు కొంటుంది. బద్వేలు బస్సు దిగి ఒక కుర్రవాడు వచ్చి చిల్లర అడుగుతాడు. పెద్దాయన ఎవరినీ "మీదే వూరు?" అని అడగడు. ఎవరు ఏ బస్సు దిగారో ఓరకంట చూసి వూరుకుంటాడు. మరునాడు ఎవరైనా వచ్చి, "నిన్న గళ్ళ చొక్కా ఆయన గొడుగు మరిచిపొయ్యాడే, ఎట్టా చేర్చేది?" అంటే, "ఉదయగిరి బస్సు కండక్టరు చేతికియ్యి" అంటాడు. గళ్ళ చొక్కా ఆయన ఇల్లెక్కడో ఈయనకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. ఏ బస్సులోనుంచి వచ్చాడో ఆ బస్సులోనే పంపితే చేరుతుందని మాత్రం తెలుసు.

మరి ఆయన చూడని మనిషైతే? అంగడి కుర్రవాణ్ణి పిలిచి, ఆగివున్న బస్సులన్నిటి దగ్గరా కేకవేయిస్తాడు. ఏదో ఒక బస్సులోనుంచి "ఆ, నాదే!" అని తల బయటికి వస్తుంది. ఇక ఆ తల కూడా ఆయన లెక్కలోకి ఎక్కిందన్నమాటే.

ఈ వారం నేను చెప్పబోయే యంత్రం చేసే పని సరిగ్గా ఇదే. దాని పేరు స్విచ్చి. ఈ మాట అనగానే మా ఆవిడ "ఫ్యానుదా, లైటుదా?" అని అడిగింది. రెండూ కాదు. నాలుగైదు కంప్యూటర్లున్న ఏ ఆఫీసుకు వెళ్ళినా, బల్లకింద దుమ్ముకొట్టుకొని, వరసగా ఎనిమిదో పదహారో బెజ్జాలతో, పచ్చదీపాలు మిణుకుమంటూ ఒక చిన్న పెట్టె కనపడుతుంది. ఆ బెజ్జాల్లో తీగెలు గుచ్చివుంటాయి. ఒక కంప్యూటరు మరొకదానికి పంపే కబుర్లన్నీ ఆ పెట్టె గుండానే పోతాయి. ఆ బెజ్జాలను వృత్తిలోనివారు పోర్టులంటారు. నేను గుమ్మాలంటాను.

దీని సంగతి నాకెందుకు పట్టిందంటారా? మా యింట ఇద్దరు కుర్రవాళ్ళు దీని మూలంగా ఆరునెలలు సరిగా మాట్లాడుకోలేదు గనుక.

ఒకడు మా చెల్లెలి కొడుకు. ఆత్మకూరులో నెట్ సెంటరు పెట్టుకున్నాడు. పన్నెండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్సు మిషను. రెండోవాడు మా మరదలి కొడుకు. ఉదయగిరిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ల బాధ్యత చూస్తాడు. మొదటివాడిది ఎవరినైనా నమ్మే స్వభావం. "రాన్నా, కూర్చో, ఏం కావాల?" అనటమే వాడి వ్యాపార రహస్యం. రెండోవాడు కొండమీద కోట వున్న వూళ్ళో పెరిగినవాడు. 1514లో కృష్ణదేవరాయలంతటివాడు పట్టుకోవటానికి ముందు నెలల తరబడి కింద కాచుకొని కూర్చోవలసివచ్చిన కోట అది. ఆ నీరు తాగినందువల్లనో ఏమో, వీడికి ప్రతి గుమ్మానికీ గడియ వుండాలి. మనుషులు ఎట్లాంటివాళ్ళో, వాళ్ళు కొన్న పెట్టెలూ అట్లాంటివే.

ముందు పెట్టె లోపలి సంగతి చెప్పాలి.

కంప్యూటరు పంపే ప్రతి కబురూ ఒక కవరు అనుకోండి. కవరుమీద రెండు అడ్రసులుంటాయి. ఎవరికి, ఎవరినుంచి. వూరు, వీధి, పిన్‌కోడు వుండే అడ్రసు కాదిది. యంత్రం తయారైనప్పుడే దానికి కొట్టిన ముద్ర. మ్యాక్ అడ్రసంటారు. 48 బిట్ల పొడవు. అంటే సుమారు 281 లక్షల కోట్ల వేర్వేరు ముద్రలు వెయ్యవచ్చు. ముద్రలో మొదటి సగం తయారుచేసిన కంపెనీకి కేటాయించినది. రెండో సగం ఆ కంపెనీ తన యిష్టప్రకారం వేసుకునే వరస సంఖ్య. ముద్ర చూస్తే యంత్రం ఏ కంపెనీదో చెప్పవచ్చుగాని, ఏ గదిలో వున్నదో చెప్పలేము. అందుకనే పెట్టె ఆ సంగతి నేర్చుకోవలసివస్తుంది.

ఎట్లా నేర్చుకుంటుందో అదే తమాషా. కవరు ఎవరికి వెళ్ళాలో చూసి నేర్చుకోదు. ఎవరినుంచి వచ్చిందో చూసి నేర్చుకుంటుంది. మూడో గుమ్మాన ఒక కవరు వచ్చింది, పంపినవారి ముద్ర ఫలానా. వెంటనే చిట్టాలో "ఫలానావారు మూడో గుమ్మం" అని రాసుకుంటుంది. రేపు ఎవరైనా ఆ ఫలానావారికి కవరు పంపితే నేరుగా మూడో గుమ్మానికి తోసేస్తుంది. చిట్టాలో పేరు లేకపోతే, వచ్చిన గుమ్మం తప్ప మిగతా గుమ్మాలన్నిటికీ ఒక్కొక్క నకలు పంపుతుంది. టీ అంగడి కుర్రవాడి కేకే. మాట్లాడకుండా వున్నవారి పేరు కొంతసేపటికి కొట్టేస్తుంది కూడాను. ప్రమాణం ప్రకారం మామూలు గడువు 300 సెకన్లు. అయిదు నిమిషాలు నోరు మెదపకపోతే పెట్టె మిమ్మల్ని మరిచిపోతుంది. మా వీధిలో కొందరిని అంత తొందరగా మరిచిపోగలిగితే బాగుండునని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఈ జాతి పెట్టెల్లో పెద్దదికి మనదేశపు పేరున్నది. ఒకటికి మించిన గుమ్మాల మధ్య ఒకేసారి రాకపోకలు నడిపే ఈథర్నెట్ స్విచ్చిని, ఏడు గుమ్మాలతో, 1990లో అమెరికాలో మొదటిసారి బజారులో పెట్టిన కంపెనీ పేరు కల్పన. స్థాపకులు వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ అనే ఇద్దరు. కల్పన అనేది భరద్వాజ్ గారి భార్య పేరు. 1994లో సిస్కో అనే పెద్ద కంపెనీ దాన్ని కొనేసింది, పేరు మరుగునపడింది. భార్య పేరు కంపెనీకి పెట్టిన ఆ పెద్దమనిషి సంగతి మా ఆవిడకు చెప్పి పొరపాటు చేశాను.

ఇక అసలు తగాదా. చిట్టా రాసేది ఎవరు?

పూర్వం పల్లెల్లో తలారి వుండేవాడు, కరణం వుండేవాడు. తలారి వూరి పొలిమేరలో నిలబడి వచ్చేపోయేవాళ్ళను చూసేవాడు. కరణం ఇంట్లో కూర్చుని, విచారించి, లెక్క రాసేవాడు. 1984లో మన రాష్ట్రంలో కరణీకాలు రద్దయ్యాయి గాని, పోలిక మాత్రం పనికివస్తుంది. పెట్టెలో కవర్లను గుమ్మంనుంచి గుమ్మానికి తోసే చిప్పు ఒకటుంటుంది. అది తలారి. కొంచెం ఖరీదైన పెట్టెల్లో ఆ పక్కనే ఒక ప్రాసెసరు, దానిమీద నడిచే సాఫ్ట్‌వేరు వుంటాయి. అవి కరణం. కొత్త ముద్ర కనపడగానే తలారే చిట్టాలో రాసేసుకుంటే అది హార్డ్‌వేరు నేర్పు. తలారి ఆ కవరు నకలు కరణం దగ్గరికి పంపి, కరణం చూసి, సరేననుకొని, తన చేత్తో చిట్టాలో ఎక్కిస్తే అది సాఫ్ట్‌వేరు నేర్పు.

వినటానికి కరణం పద్ధతే సవ్యంగా వున్నట్టుంటుంది. కాని వేగం చూడండి. ఇప్పుడు ఇళ్ళలోకి కూడా వచ్చిన ఒక గిగాబిట్ గుమ్మం గుండా, అతిచిన్న కవర్లయితే, సెకనుకు 14,88,095 కవర్లు రాగలవు. అది ఒక్క గుమ్మం. పదహారు గుమ్మాలుంటే లెక్క మీరే కట్టుకోండి. తలారి చిప్పు ఈ పనికోసమే పుట్టినది గనుక, కవరు తోస్తూనే, ఆ క్షణంలోనే చిట్టా రాస్తుంది. రాయటానికని విడిగా కాలం పట్టదు. కరణానికో, పెట్టెలో వున్న చిన్న ప్రాసెసరుతో సెకనుకు కొన్నివేల కవర్లు చూడటమే గగనం. పైగా అతనికి వేరే పనులున్నాయి. యజమాని అడిగినవాటికి జవాబులు చెప్పాలి, పక్క పెట్టెలతో మాట్లాడాలి.

ఇంకొక చిక్కున్నది. కరణం ఒక ముద్రను విచారిస్తుండగా, ఆ ముద్రవాడు వూరుకోడుగదా. మరో వంద కవర్లు పంపుతాడు. చిట్టాలో ఇంకా ఎక్కలేదు గనుక ఆ వందా కూడా కొత్తవేనని తలారి కరణం బల్లమీద పడేస్తాడు. ఒకే మనిషి గురించి వంద అర్జీలు. ఈలోగా ఆ మనిషికి జవాబుగా వచ్చే కవర్లు ఏ గుమ్మానికి పోవాలో తెలియక అన్ని గుమ్మాలకూ పోతుంటాయి. పొద్దున్నే కరెంటు వచ్చి, ఒక ఆఫీసులో వందలకొద్దీ కంప్యూటర్లు ఒక్కసారి మేలుకున్నాయనుకోండి, కరణంగారు తల పట్టుకుంటారు. జాగ్రత్తగా తయారుచేసిన పెట్టెల్లో ఇన్ని అర్జీలకంటె మించి పంపరాదని తలారికి ఒక హద్దు పెడతారు. ఆ హద్దు వల్ల కరణం బతుకుతాడు, చిట్టా నిండటం మాత్రం ఆలస్యమవుతుంది.

మా ఆత్మకూరు మేనల్లుడు కొన్నది కరణం లేని పెట్టె. చవక. తీగెలు గుచ్చితే చాలు, తనంతట తాను నేర్చుకుంటుంది. అడగటానికి, చెప్పటానికి అందులో ఎవరూ లేరు. మూడేళ్ళు దానికేసి చూడవలసిన పని పడలేదు.

ఇంజనీరింగు సీట్లకు వెబ్ ఆప్షన్లు పెట్టుకొనే ఆఖరి రోజు అది. ఒక పెళ్ళికని వెళ్ళి నేను ఆ సాయంత్రం అక్కడే వున్నాను. ఇరవైమంది పిల్లలు, వాళ్ళ వెనుక తండ్రులు. సోమశిల వైపు పల్లెనుంచి ఒక రైతు కూతురితో వచ్చాడు. ఆ పిల్లకు మంచి ర్యాంకే వచ్చింది. ఏ కాలేజీ ముందు పెట్టాలో, ఏది తరవాతో, నోటుపుస్తకంలో వరసగా నలభై పేర్లు రాసుకొని వచ్చింది. తండ్రి చేతిలో బొత్తాల ఫోను. వాళ్ళ వూరికి ఆఖరు బస్సు ఇంకో గంటలో వున్నది.

వూడ్చే అమ్మాయి బల్లకింద చీపురు తిప్పుతూ, ఒక తీగె కొస వూడి వేలాడుతుంటే, "అయ్యో, వూడిపోయిందే" అని పాపం మంచికే దాన్ని ఖాళీగా వున్న బెజ్జంలో గుచ్చింది. అది వూడిన తీగె కాదు. రెండో కొస అప్పటికే అదే పెట్టెలో ఎప్పటినుంచో గుచ్చివున్న మిగులు తీగె. అంటే పెట్టె తోక పెట్టె నోట్లోనే పెట్టినట్టయింది.

ఏమవుతుందో చూడండి. అందరికీ అని పంపే కేకకవరు ఒకటి వస్తుంది. పెట్టె దాన్ని అన్ని గుమ్మాలకూ పంపుతుంది, ఆ తీగె కొసకు కూడా. అది చుట్టి వచ్చి రెండో కొసనుంచి పెట్టెలోకే వస్తుంది. కొత్త కవరనుకొని పెట్టె మళ్ళీ అందరికీ పంపుతుంది. అది మళ్ళీ చుట్టి వస్తుంది. ఈ కవర్లకు ఆయుర్దాయం లేదు. తిరుగుతూనే వుంటాయి, కొత్తవి వచ్చి చేరుతూనే వుంటాయి. అంతకంటె ఘోరం చిట్టాకు జరిగేది. బయటి లోకానికి దారి చూపే రౌటరు మొదటి గుమ్మాన వున్నది. దాని కేకకవరు తీగె చుట్టి పదకొండో గుమ్మాన వచ్చింది. పంపినవారి ముద్ర రౌటరుది. తలారి చూశాడు: "ఓహో, రౌటరుగారు ఇల్లు మారారు" అని, క్షణం ఆలస్యం చెయ్యకుండా, ఒకటి కొట్టేసి పదకొండు రాశాడు. ఇంకో కొసనుంచి వస్తే పన్నెండు. రౌటరు తానే మాట్లాడితే మళ్ళీ ఒకటి. ఇట్లా సెకనుకు కొన్ని వేలసార్లు. అలుపన్నది లేదు, అనుమానమన్నది లేదు. తలారికి వేగమే ఇచ్చాముగాని, "ఒరే, ఇందాకే ఇల్లు మారాడుగదరా, మళ్ళీ ఇదేమిటి?" అని అడిగే బుద్ధి ఇవ్వలేదు.

పన్నెండు తెరలూ ఒకేసారి నిలిచిపోయాయి. పెట్టె దీపాలన్నీ దీపావళిలా వెలుగుతున్నాయి. చూసేవాడికి పెట్టె బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే వున్నది. మేనల్లుడు తీగె తెచ్చే కంపెనీకి ఫోను చేశాడు, తమ వైపు అంతా బాగానే వున్నదన్నారు వాళ్ళు. నిజమే చెప్పారు. రౌటరు ఆపి వేశాడు. లాభం లేదు. రైతు మాటిమాటికీ బస్టాండు వైపు చూస్తున్నాడు. ఆ పిల్ల నోటుపుస్తకం మూయలేదు, వేలు ఏడో పేరుమీదే పెట్టుకొని కూర్చున్నది.

"ఏమబ్బయ్యా, అయ్యేదేనా?" అన్నాడు రైతు.

"అయిపోతాది పెద్దాయనా, రెండు నిమిషాలు" అన్నాడు మావాడు. నలభై నిమిషాలుగా అదే మాట అంటున్నాడు.

చివరికి చిరాకెత్తి పెట్టెలోనుంచి తీగెలన్నీ లాగిపారేశాడు. ఒక్కొక్కటే మళ్ళీ గుచ్చుకుంటూ వచ్చాడు. రెండు కొసలూ తన చేతిలోనే వున్న తీగె దొరికినప్పుడు వాడి ముఖం చూడవలసింది. ఆఖరు బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఆ పిల్ల మాత్రం నలభై పేర్లూ పెట్టింది. తండ్రినీ కూతుర్నీ మావాడు రాత్రి తన మోటారు సైకిలుమీద వాళ్ళ వూళ్ళో దింపివచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

ఈ ప్రమాదం పాతదే. స్విచ్చి పుట్టకముందు రెండు తీగెల వూళ్ళను కలిపే వంతెనలనే పెట్టెలుండేవి. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ దీనికి మందు కనిపెట్టింది. వంతెనలు తమలో తాము మాట్లాడుకొని, చుట్టుదారి ఎక్కడేర్పడిందో కనిపెట్టి, ఒక గుమ్మాన్ని తామే మూసుకొనే ఉపాయం అది. చుట్టుదారులు కొట్టివేస్తే మిగిలేది చెట్టు ఆకారం గనుక దానికి చెట్టు పేరే పెట్టారు. ఆ పద్ధతిమీద ఆవిడ ఒక చిన్న పద్యం కూడా రాసింది. ఇంజనీర్లు పద్యాలు రాయరనేవాళ్ళకు చెప్పండి. అయితే ఆ మాటలాడుకోవటం కరణం చేసే పని. కరణమే లేని పెట్టెలో మందు వున్నా పోసేవాడు లేడు.

ఉదయగిరివాడికి ఈ కథ తెలియగానే "నేను ముందే చెప్పలేదా?" అన్నాడు. తగాదా అక్కడ మొదలైంది.

వాడు బడికి కొనిపించిన పెట్టెలో కరణమున్నాడు. వాడు గుమ్మానికొక్కటే ముద్ర అని కట్టడి పెట్టాడు. ఇట్లాంటి కట్టడి పెట్టిన గుమ్మం దగ్గర చాలా పెట్టెల్లో తలారి తనంతట తాను రాయడు. కొత్త ముద్ర వస్తే కరణానికి చెప్పాలి. మొదట వచ్చిన ముద్రను కరణం శాశ్వతంగా రాసుకుంటాడు. ఆ తరవాత ఆ గుమ్మాన ఇంకొకరెవరు వచ్చినా గుమ్మమే మూసేస్తాడు. భయానికి అర్థమున్నది. ఏ ఆకతాయి అయినా తన కంప్యూటరు తగిలించి, పనికిమాలిన ముద్రలు వేలకొద్దీ కల్పించి కవర్లు పంపాడనుకోండి. చిన్నపెట్టెల్లో చిట్టా ఎనిమిది వేల పేర్లకు పైచిలుకు పడుతుంది. తలారి వేగంతో అది కంటిరెప్ప వేసేలోగా నిండిపోతుంది. ఇక అసలువాళ్ళకు చోటుండదు, వాళ్ళకు రావలసిన కవర్లన్నీ అన్ని గుమ్మాలకూ పోతాయి. ఆకతాయి తన గుమ్మాన కూర్చొని చదువుకోవచ్చు.

బాగానే వున్నది. కాని ఒక ఏప్రిలు నెలలో గాలివాన వచ్చి, పిడుగు పడి, ఆఫీసు కంప్యూటరు మదర్‌బోర్డు పోయింది. కావలిలో బాగుచేయించి కొత్త బోర్డు వేయించి తెచ్చారు. పెట్టె అదే, బల్ల అదే, కూర్చునే గుమాస్తా ఆయనే. కాని బోర్డు మారింది గనుక ముద్ర మారింది. కరణం చూశాడు, ఈయనెవరో కొత్తాయన అనుకున్నాడు, గుమ్మం మూశాడు. ఆ వేళ పిల్లలకు హాల్ టిక్కెట్లు తీసి ఇవ్వాలి. మావాడేమో తండ్రికి కళ్ళ ఆపరేషనని నెల్లూరు వెళ్ళాడు. కరణాన్ని పలకరించే సంకేతపదం వాడికొక్కడికే తెలుసు. వాడి ఫోను ఆసుపత్రిలో ఆపివున్నది. మధ్యాహ్నం దాకా పిల్లలు వరండాలో నిలబడ్డారు. ఒక పిల్లవాడైతే తనకొక్కడికే హాల్ టిక్కెట్టు రాదేమోనని ఏడ్చేశాడట. వానకు బీటలు తీసిన గోడ పక్కన ఎంతటి కోట వుండి ఏం లాభం!

ఫోన్లతో వచ్చిన తంటా మరొకటి. మేష్టర్ల ఫోన్లకు మాత్రమే వై-ఫై ఇద్దామని వీడు అందరి ఫోన్లూ తెప్పించి ముద్రలు ఎక్కించుకున్నాడు. ఒక్క ఫోనూ కలవలేదు. కారణమేమంటే, 2019లో వచ్చిన పదో ఆండ్రాయిడు నుంచి, 2020లో వచ్చిన పద్నాలుగో ఐ.ఓ.ఎస్. నుంచి ఫోన్లు తమ అసలు ముద్ర బయటపెట్టటం మానేశాయి. ఎక్కడికక్కడ ఒక కల్పిత ముద్ర చూపిస్తాయి. బజారులో ప్రతి అంగడివాడూ మన ముద్రను బట్టి మన వెంట పడకుండా చేసిన ఏర్పాటు అది, మన మంచికే. కాని ముద్రే మనిషి అని నమ్మిన కరణం కాళ్ళకింద పీట లాగేసినట్టయింది.

ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. పంచాయితీ చెప్పమన్నారు. నేనేం యంత్రజ్ఞుణ్ణని! అయినా పెద్దతనం మీద పడింది గనుక విన్నాను.

"తలారే రాయాల మామా. అంత వేగంగా ఇంకొకరు రాయలేరు" అన్నాడు ఆత్మకూరువాడు.

"రాస్తాడు పెదనాయనా, అబద్ధమైనా అంతే వేగంగా రాస్తాడు. ఆ పొద్దు చూసినావు గదా" అన్నాడు ఉదయగిరివాడు.

ఇద్దరి మాటా నిజమే. నాకు తోచింది చెబుతాను. రాయటం తలారి చేతే రాయించాలి. ఇందులో నాకు సందేహం లేదు. మామూలు ఆఫీసులో, బడిలో, అంగడిలో కొత్త ముద్రకల్లా కరణాన్ని నిద్రలేపటం దండగ. కాని తలారి రాసినదాన్ని పైనుంచి చూసే కరణం వుండాలి. ఒక గుమ్మాన ఇన్ని ముద్రలకు మించరాదని హద్దు చెప్పాలి, ఒకటి కాదు, నాలుగో అయిదో. ఒకే ముద్ర సెకనులో పదిసార్లు ఇల్లు మారితే "ఇదేదో చుట్టుతీగె" అని ఆ గుమ్మం ఆపాలి. ఆపినా, పది నిమిషాల తరవాత తనంతట తెరిచి మళ్ళీ చూడాలి. ఈ ఏర్పాట్లున్న పెట్టెలు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. కరణం లేనిదానికంటె కొంచెం ఎక్కువ పెట్టాలి. అయిదు నిమిషాల మతిమరుపు లెక్క కూడా ఇట్లా ఇద్దరూ పంచుకొనే చేస్తారు. కవరు వచ్చినప్పుడల్లా తలారి ఆ పేరు పక్కన ఒక చుక్క పెడతాడు. చుక్క లేనివాళ్ళ పేర్లు వెతికి కొట్టేసే పని కొన్ని పెట్టెల్లో తలారే చేస్తాడు, కొన్నిట్లో కరణం తీరికగా చేస్తాడు.

కరణం చేతికే మొత్తం అప్పగించే చోట్లు లేకపోలేదు. మనం ఫోనులో చూసే బొమ్మలూ, బ్యాంకుల లెక్కలూ దాచే పెద్ద పెద్ద కంప్యూటరు కొట్టాల్లో వేలకొద్దీ స్విచ్చిలుంటాయి. అక్కడ ఒక్కొక్క పెట్టె కవర్లు చూసి వూహించుకుంటూ కూర్చుంటే కుదరదు. 2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్టు ప్రమాణాల సంఘంవారు 7432 నంబరు పత్రం వెలువరించారు. దాని ప్రకారం తన సొంత గుమ్మాలముందు వున్నవాళ్ళ పేర్లు నేర్చుకున్న పెట్టె, "నా దగ్గర ఫలానావారున్నారు" అని తక్కిన పెట్టెల కరణాలకు వుత్తరం రాస్తుంది. ఇల్లు మారితే ఎన్నోసారి మారారో లెక్కవేసి మరీ రాస్తుంది. పుకారు మీద కాక కబురు మీద నడుస్తుంది వ్యవహారం. పన్నెండు కంప్యూటర్ల నెట్ సెంటరుకు అంత హంగామా అక్కరలేదు, పెళ్ళికి పందిరి చాలు, రథం ఎందుకు?

ఇప్పుడు చాలామంది ఇళ్ళలోకి స్తంభాలమీదుగా సన్నటి గాజుతీగె వచ్చింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతులమీదుగా మన రాష్ట్రపు ఫైబర్‌నెట్ ప్రారంభమైంది మొదలు, కరెంటు స్తంభాల వెంట పల్లెలకూ పాకింది. మీ యింట్లో ఆ తీగె వచ్చి చేరే పెట్టె వెనుక మూడో నాలుగో బెజ్జాలుంటాయి చూడండి. అందులోనూ ఒక చిన్న తలారి వున్నాడు. మిగులు తీగె వుంటే చుట్టచుట్టి అలమరాలో పెట్టండి, పెట్టెకే వేలాడనివ్వకండి. దీపాలన్నీ ఆగకుండా వెలుగుతూ ఇల్లంతా నెట్ నిలిచిపోతే, కంపెనీకి ఫోను చేసేముందు ఏ తీగె రెండు కొసలూ ఒకే పెట్టెలో వున్నాయేమో చూడండి. కొత్త కంప్యూటరో బోర్డో మార్చాక ఆఫీసులో నెట్ రాకపోతే, "పాత ముద్ర తీసేశారా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో మీరు పెద్ద ఇంజనీరని వాళ్ళు అనుకుంటారు.

మావాళ్ళిద్దరూ రాజీపడ్డారు. ఆత్మకూరువాడు కరణమున్న పెట్టె కొన్నాడు, ఖాళీ బెజ్జాలకు ప్లాస్టరు అంటించాడు. ఉదయగిరివాడు గుమ్మానికి నాలుగు ముద్రల దాకా సడలించి, సంకేతపదం ఒక కవరులో పెట్టి సీలువేసి హెడ్‌మాస్టరు బీరువాలో దాచాడు. ఆ రైతు కూతురికి సీటు వచ్చింది. నోటుపుస్తకంలో ఏడో పేరున్న కాలేజీలో.

మొన్న నెల్లూరు పోతూ ఆత్మకూరులో దిగి టీ అంగడికి వెళ్ళాను. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఈసారి ఉదయగిరి బస్సుకొచ్చినావే, ఎప్పుడూ బద్వేలు బస్సు గదా నీది?" అన్నాడు. మావాడి బడికి వెళ్ళివస్తున్నానని చెప్పాను. తల వూపి, గ్లాసు నా ముందు పెట్టాడు.